పాలమీగడ రంగు కారు, ఇత్తడి పొన్ను కర్ర

ఆ పీట ఇటు లాక్కుని దగ్గరగా కూర్చోండి. దూరంగా కూర్చుంటే నా మాట మీకు అందదు. రోజంతా ఇంట్లో గట్టిగా మాట్లాడీ మాట్లాడీ గొంతు అరిగిపోయింది, మీతోనైనా కాస్త మెల్లగా చెప్పుకుంటాను. ఈ ఇంట్లో అంత గట్టిగా మాట్లాడవలసిన పని ఎందుకు పడిందో, ఇవాళ చెప్పబోయేది అదే.

పొద్దున కోడలు పొయ్యి మీద పప్పు పెట్టింది. ఎంతసేపటికీ కుక్కర్ కూత వేయదు. మూత పక్క నుంచి ‘సుయ్’మని సన్నగా ఆవిరి కారిపోతూ ఉంది. “అత్తమ్మా, రబ్బరు పోయినట్టున్నది, పప్పు ఉడుకుతలేదు” అంది కోడలు. పొయ్యికి రెండు మూరల దూరంలో మా ఆయన కూర్చుని ఎల్లిగడ్డలు ఒలుస్తున్నాడు. తల ఎత్తలేదు. ఆ చప్పుడు వింటే ఎవరికైనా పప్పు గుర్తుకు రావాలి. నాకు మాత్రం ఒక కారు గుర్తుకొస్తుంది.

మాది గోదావరిఖని. మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటారు. బాయిలో మా ఆయన సర్దార్. బొగ్గు నింపే వాళ్లు లోపలికి అడుగు పెట్టక ముందే తను వెళ్లి, కొసకు ఇత్తడి పొన్ను తొడిగిన కర్రతో పైకప్పును కొట్టి చూడాలి. కప్పు గట్టిదైతే ‘ఖంగు’మంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే ‘డబ్’మంటుంది. ఖంగుమంటే రమ్మని చెయ్యి ఊపుతాడు. ‘డబ్’మంటే ఎవరినీ రానివ్వడు, ముందు కప్పుకు ఆసరాగా గుంజలు నిలబెట్టాల్సిందే. అంటే ఒక గుంపు మనుషుల ప్రాణాలు ఆయన చెవిలో ఉండేవన్న మాట. ఆ గుంపులో మా సొంత తమ్ముడు కూడా ఒకడు. తట్ట, బొగ్గు ఎత్తే చెమ్మస్ పట్టుకుని బావ చెయ్యి ఊపే దాకా ఆగి, ఊపగానే ఆ కప్పు కిందికి పోయేవాడు.

ఆ కొట్టి చూసే అలవాటు ఇంటికీ వచ్చింది. కుమ్మరి దగ్గర కుండ కొంటే కొట్టి చూసేవాడు, అందరూ కొడతారనుకోండి. ఈయన బండి మీది పుచ్చకాయను, కొత్త క్వార్టర్ గోడను, చివరికి మా అత్తమ్మ పెట్టెను కూడా కొట్టి చూసేవాడు. పెళ్లయిన మూడో రోజు మా నాయన ఇంటి మట్టి గోడను వేళ్లతో తట్టి, “మామా, గీ గోడ వచ్చే వానకాలం దాటది” అన్నాడు. అల్లుడు వచ్చీ రాగానే ఇల్లు కూలుతుందన్నాడని మా నాయన అన్నం మానేశాడు. శ్రావణంలో గోడ పడింది. ఆ తరువాత మా నాయన కోడెను కొన్నా అల్లుడిని పిలిచి తట్టి చూడమనేవాడు.

ఇక కారు. జ్యోతినగర్‌లో ఒక ఇంజనీరు గారికి బదిలీ అయింది. పాలమీగడ రంగు పెట్రోలు కారు, అప్పటికే పాతది, పోతూ పోతూ మా ఆయనకు ఇచ్చిపోయాడు. రెండేళ్లలో రిటైర్మెంట్ ఉంది, తరువాత మంచిర్యాల దాకా కిరాయికి తోలుకుంటానని ఈయన ఆశ. క్వార్టర్ ముందు దాన్ని నిలబెట్టిన రోజు వీధి వీధంతా వచ్చి చూసింది. పక్కింటి టీచరమ్మ ప్రార్థన చేసింది, నేను నిమ్మకాయలు కట్టాను. ఇద్దరు దేవుళ్లు కనిపెట్టుకుని ఉన్న కారు, ఇక దేనికి భయం అనుకున్నాం.

నస్పూర్‌లో మా చిన్నమ్మ బిడ్డ పెళ్లికి దాంట్లో బయలుదేరాం. సాపు రోడ్డు మీద బాగానే పోయింది. రైలు పట్టాల మీది వంతెన ఎక్కే దగ్గర కారు దమ్ము వదిలేసింది. ఈయన కాలితో ఎంత తొక్కినా అది ఇరుసు లేని బండిలా ఊగుతుందే కానీ ముందుకు జరగదు. పాల క్యాన్లు కట్టుకున్న ముసలాయన ఒకడు సైకిల్ నడిపించుకుంటూ మమ్మల్ని దాటిపోయాడు. దాటి, వెనక్కి తిరిగి, “అన్నా, తాడున్నదా? ఉంటే కట్టు, గుంజుకపోత” అన్నాడు. వెనక సీట్లో మా తమ్ముడు నవ్వాపుకోలేక కిటికీలోంచి తల బయటపెట్టాడు.

ఆ ఎక్కుడు మీదనే నేను రెండు చప్పుళ్లు విన్నాను. ఒకటి కింద నుంచి, ‘డబ్ డబ్’మని మొద్దుగా. రెండోది ముందర బానెట్ నుంచి, ‘సుయ్ సుయ్’మని సన్నగా, అచ్చం మూత సరిగ్గా పట్టని కుక్కర్ లాగా. చెప్పాను. “ఇగో, ముందట ఎక్కడనో గాలి కారుతున్నది. కుక్కర్ రబ్బరు పోతే గట్లనే అంటది, కూత రాదు, బువ్వ ఉడకది.”

“ఇంజన్ల కుక్కర్ ఏడున్నదే?” అన్నాడు మా ఆయన. “నాకేం సుయ్యి ఇనవడ్తలేదు. డబ్ అంటున్నది. డబ్బంటే లోపట వదులైనట్టే. ఇది కింది బేరింగ్ పని.”

ముప్పై ఏళ్లు కప్పు చప్పుడు విన్న మనిషి. నేను నాలుగో తరగతి కూడా దాటని దాన్ని. ఒకసారి చెప్పాను, ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం ఇప్పటికీ నా గొంతులో ముల్లులా ఉంది.

బాయి వాళ్లకు ఆదివారం ప్లే డే, పని ఉండదు. రెండు ప్లే డేలు కారును చెక్క దిమ్మెల మీదికి లేపి, బావా బామ్మర్దులు కింద పడుకుని పని చేశారు. బాయిలో గుంజ నిలబెట్టినట్టే అంత జాగ్రత్తగా మా ఆయన దిమ్మెలు పేర్చాడు, కారు కిందికి దూరే ముందు ఒక్కొక్క దిమ్మెనూ కర్రతో కొట్టి మరీ చూశాడు. అడుగు రేకు విప్పారు, నూనె పళ్లెంలోకి వంచారు, పాత బేరింగులు తీసి కొత్తవి వేశారు. తీసిన బేరింగులను నా చేతిలో పెట్టి చూపించాడు మా ఆయన. నాకు అవి బాగానే ఉన్నట్టు అనిపించాయి, వేలితో రాస్తే గీత కూడా తగలలేదు. అప్పుడూ నోరు విప్పలేదు.

కారు మళ్లీ వంతెన దగ్గరికి పోయింది. మళ్లీ అక్కడే ఆగింది. ఈసారి నీళ్లు మరిగి పొగ కూడా వచ్చింది. అయినా ఈయన వదలలేదు. కొత్త బేరింగులు కుదురుకోవాలి, నడిస్తే అదే సర్దుకుంటుంది అంటూ నెల రోజులు అట్లాగే తోలాడు.

ఆ నెల చివర ఒకనాడు మా తమ్ముడు డ్యూటీ దిగి వచ్చి, అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతూ మెల్లగా అన్నాడు. “అక్కా, బావకు ఈ మధ్య ఏమైందే? ఏ కప్పు కొట్టినా కరాబే అంటుండె. గట్టి కప్పు కింద కూడా గుంజలు పెట్టిస్తుండె. పైవాళ్లు మస్తు మాటలన్నరు. ‘సర్దారూ, కరాబైంది కప్పు కాదు, నీకు రిటైర్మెంట్ భయం పట్టుకున్నది’ అని మొఖం మీదనే అన్నరు. గ్యాంగోళ్లు కూడా నవ్విండ్రు.” చాయ్ గ్లాసు కింద పెట్టి, “మూడు వారాల సంది మాత్రం మంచిగనే చెయ్యి ఊపుతున్నడులే” అన్నాడు. నేను కూడా పోనీలే, సర్దుకుంది అనుకున్నాను. ఎంత గుడ్డిదాన్నో చూడండి.

ఆఖరికి మంచిర్యాల రోడ్డు మీద ఒక ముసలి మెకానిక్ సాబు దగ్గరికి కారును తోసుకుంటూ తీసుకుపోయాం. ఆయన కారును చూడలేదు, ముందు విన్నాడు. ఇంజన్ ఆన్ చేయించి, పొడుగాటి స్క్రూడ్రైవర్ కొసను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు. కింద పెట్టాడు, తల అడ్డంగా ఊపాడు. పైన పెట్టాడు. “ఇగో, ఈడ దొరికింది దొంగ” అని మా ఆయనను పిలిచాడు. “సర్దార్ సాబ్, నువ్వు కూడా ఇను. సుయ్యంటలేదా?”

మా ఆయన పిడి చెవికి పెట్టుకున్నాడు. చాలాసేపు విన్నాడు. చెవి మార్చాడు.

“డబ్ అంటున్నది” అన్నాడు.

“అరే, డబ్ సంగతి పక్కన పెట్టు భాయ్. సన్నగ, పాము బుసకొట్టినట్టు…”

“లేదు.”

ఆ చప్పుడు కోసం స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. అయిదడుగుల దూరంలో నిలబడిన నాకు వినబడుతూ ఉంది. మా తమ్ముడికి వినబడుతూ ఉంది. చాయ్ తెచ్చిన హోటల్ అతను కూడా “గాలి కారుతున్నది కదా అన్నా” అనేశాడు. మా తమ్ముడు నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. వాడి ముఖం బొగ్గు కడుక్కున్న తరువాత కూడా అంత తెల్లగా నేను ఎన్నడూ చూడలేదు. వాడికి నాకంటే ముందే అర్థమైంది.

మెకానిక్ సాబు తన ధోరణిలో చెబుతూనే ఉన్నాడు. “ఇంజన్‌కు పైమూతకు నడుమ ఒక రేకు ఉంటది, అది కాలిపోయింది. రెండు గదుల దమ్ము ఒకదాంట్లకెల్లి ఒకదాంట్లకు, బయటికి కారుతున్నది. ఇగ తాకత్ ఏడికెల్లి వస్తది? ముందుగాల తెస్తే రేకు మారిస్తే అయిపోతుండె. గిన్ని దినాలు తోలిండ్రు, మూత వేడికి వంగిపోయింది. నేనేం చెయ్యలేను.”

ఇంటికి వచ్చాం. సాయంత్రం ఈయన తలుపు వెనక నుంచి కర్ర తీసుకుని పెరట్లోకి వచ్చాడు. నల్లరాతి రోలును ఒకసారి కొట్టాడు. పక్కనే స్నానాల బండ ఉండేది, కింద మన్ను కొట్టుకుపోయి బోలుగా అయిన బండ, దాన్ని ఒకసారి కొట్టాడు. మళ్లీ రోలు. మళ్లీ బండ. కళ్లు మూసుకుని కొట్టాడు. తరువాత నన్ను పిలిచాడు.

“నిజం చెప్పు. రెండింటి చప్పుడుకు ఫరక్ ఉన్నదా?”

రోలు గుడిగంటలా మోగుతూ ఉంది. బండ కడుపుబ్బిన బర్రెలా ఉంది. ఫరక్ లేదని చెబితే ఈయన కర్ర ఈయన దగ్గరే ఉంటుంది. రెండేళ్లు ఎట్లాగో గడిచిపోతాయి. అన్నీ కరాబే అనుకునే మనిషి వల్ల ఎవరికి ఏం నష్టం, మహా అయితే నాలుగు గుంజలు ఎక్కువ పడతాయి. ఇవన్నీ నా మనసులో తిరిగాయి. అప్పుడు మా తమ్ముడు అన్న మూడు వారాల మాట గుర్తుకొచ్చింది.

“మూడు వారాల సంది బాయిల ఎట్ల చెప్తున్నవు?” అని అడిగాను. పెదవులు చూసి అర్థం చేసుకున్నాడో, విన్నాడో.

“అందాజతోని” అన్నాడు. “అందరు నవ్వుతున్నరని… కప్పును కండ్లతోని చూసి చెయ్యి ఊపుతున్న.”

మరునాడు మొదటి షిఫ్టు. కర్ర పట్టుకుని ముందు నా మొగుడు, చెమ్మస్ పట్టుకుని వెనక నా తమ్ముడు.

“ఫరక్ ఉన్నది” అన్నాను. “రోలు మోగుతున్నది. బండ మోగుతలేదు.”

ఆయన రోలు అంచు మీద కూర్చున్నాడు. “ఎప్పటి సంది తెలుసు నీకు?”

“వంతెన ఎక్కిన నాటి సంది.”

“మల్ల చెప్పలేదేందే?”

“చెప్పిన. ఇంజన్ల కుక్కర్ ఏడున్నదన్నవు.”

ఆ మాట అనకుండా ఉండవలసింది. అన్నాను.

పొద్దున తనే పోయి కర్ర అప్పజెప్పాడు. దవాఖానలో చెవులు చూశారు. ఏళ్ల తరబడి డ్రిల్లు మిషన్ల మధ్య, పేలుళ్ల మధ్య ఉండి సన్న చప్పుళ్లు వినే నరం చచ్చిపోయింది, మళ్లీ రాదు అన్నారు. బాయి పైన దీపాలు ఇచ్చే గదిలో కూర్చోబెట్టారు. లోపలికి పోయేవాళ్లు కిటికీ దగ్గర దీపం తీసుకుంటూ “పోయొస్త సర్దార్” అని మెల్లగా అనేవారట. ఈయన బదులు పలికేవాడు కాదు. పొగరెక్కిందని కొందరు అనుకున్నారు. చెవికి మిషన్ ఇచ్చారు, నాలుగు రోజులు పెట్టుకుని డబ్బాలో వేశాడు. దాంట్లో ‘ఖంగు’, ‘డబ్’ రెండూ ఒక్క తీరుగానే ఉన్నాయట.

కారు క్వార్టర్ ముందే ఉండిపోయింది. టైర్లు కూర్చుండిపోయాయి, పాలమీగడ రంగు మీద బొగ్గు దుమ్ము పేరుకుని చాయ్ రంగుకు వచ్చింది, వెనక సీట్లో కోడి పిల్లలు చేసింది. ఆయన దాని వైపు చూసేవాడు కాదు. రాష్ట్రం వచ్చిన ఏడు పాత ఇనుము వాళ్లు దాన్ని లారీకెక్కించి తీసుకుపోయారు. ఆ వారమే వీధంతా సంబరం, డప్పులు, రంగులు, పటాకులు. ఆయన గేటు పట్టుకుని నిలబడి, పెద్ద బాంబు పేలినప్పుడల్లా నవ్వుతున్నాడు. నా వైపు వంగి, “గింత పెద్ద సంబురానికి గీ నాలుగు పటాకులేనా?” అన్నాడు. చుట్టూ వేలకొద్దీ సన్న పటాకుల లడీలు కాలుతూనే ఉన్నాయి. అవును, నాలుగే అన్నాను. ఆ ఒక్కసారికి అబద్ధం చెప్పాను.

కుక్కర్‌కు కొత్త రబ్బరు వేశాం, పప్పు ఉడికింది. మనిషికి వేయడానికి రబ్బరు లేదు. కాలం కూడా ఆ మూత పక్క నుంచి పోయే ఆవిరి లాగానే సన్నగా కారిపోయింది, మేము మాత్రం పెద్ద చప్పుడు కోసం చూస్తూ కూర్చున్నాం.

ఇక లేవండి, మీ ఇంట్లోనూ పొయ్యి మీద ఏదో ఉండే ఉంటుంది. మీ గడప లోపల సన్న చప్పుడు ముందే వినబడుగాక, విన్నవాళ్లకు రెండోసారి చెప్పే నోరు ఉండుగాక, మీ మీది కప్పు ఎప్పుడు తట్టినా ఖంగుమనుగాక.