నేను ఉండని ఉపవాసం

వెలుగును చేసిన రోజున వెలుగుతోనే ఆగి, చేపల సంగతీ పక్షుల సంగతీ తర్వాతి రోజులకు వదిలిపెట్టిన దేవునికి స్తోత్రం. చేసినదాన్ని తీరికగా చూసి, బాగుందని ఒప్పుకుని, ఆ తర్వాతే ఇంకో పనికి చెయ్యి చాపిన సృష్టికర్తకు మహిమ. అదే పని నాకు అప్పగించి ఉంటే వెలుగు సగంలో ఉండగానే చేపలు గుర్తొచ్చేవి, చేపలకు మొప్పలు పెడుతూ చెట్ల దగ్గరికి వెళ్లిపోయేదాన్ని, మొదటి మనిషి ఈనాటికీ కాళ్లు లేకుండా మట్టిలో కూర్చుని నా కోసం ఎదురుచూస్తూ ఉండేవాడు. అలాంటి నన్ను కూడా తన బిడ్డగా ఎంచుకుని, కారు తాళాలు ఎక్కడ పెట్టానో రోజూ విసుక్కోకుండా చూపిస్తున్న ప్రభువుకు వందనాలు.

మేము డాలస్ పక్కన కాపెల్‌లో ఉంటాం. ఇది 2010 ప్రాంతపు సంగతి. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన మా క్రైస్తవ కుటుంబాల్లో పెళ్లికూతురు తెల్ల పట్టుచీర కట్టుకుని తలపైన ముసుగు వేసుకుంటుంది. చీర ఇండియా నుంచి ఎవరి సూట్‌కేసులోనో వచ్చేస్తుంది. దానికి తగిన జాకెట్టు, ముసుగు కుట్టేవాళ్లే ఇక్కడ లేరు. అమెరికన్ షాపుల్లో దొరికే వెయిల్ అయితే గౌను మీదికి నప్పుతుంది గాని పమిట మీదికి నప్పదు. ఆ లోటు చూసి నేను గరాజ్‌లో కుట్టుమిషను పెట్టాను.

గరాజ్‌లో అది ఒంటరిగా లేదు. అంతకుముందు నేను మొదలుపెట్టిన కేకుల వ్యాపారం తాలూకు గిన్నెలు, కొవ్వొత్తుల వ్యాపారం తాలూకు అచ్చులు, గ్రీటింగ్ కార్డుల వ్యాపారం తాలూకు రంగు కాగితాలు దాని చుట్టూ ఉన్నాయి. ఒక్కొక్కటీ మంటలా మొదలై, సగంలో ఆరిపోయినవే. మా ఆయన శాంతమూర్తి. "మన గరాజ్‌లో అన్నీ పడతాయి, కారు ఒక్కటే పట్టదు" అని తప్ప ఎప్పుడూ ఏమీ అనలేదు. నాకే సిగ్గేసి ప్రభువు ముందు మొక్కుబడి చేసుకున్నాను. ఈ కుట్టుపని కూడా సగంలో ఆగితే మిషను ఎవరికైనా ఇచ్చేస్తాను, ఇక బతుకులో ఏదీ మొదలుపెట్టను అని. మొక్కుకుని చెల్లించకపోతే ఏమవుతుందో సండేస్కూల్లో పిల్లలకు చెప్పేది నేనే. కాబట్టి మాట తప్పే దారి లేదు.

ఇక ఉపవాసం సంగతి. పని పట్టుకుంటే నాకు ఆకలి తెలియదు. పొయ్యి మీద అన్నం పెట్టి, దాన్ని దించి, మూత పెట్టి, తినడం మరిచిపోయి, సాయంత్రం ఆ గిన్నె చూసి ఎవరు వండారా అని ఆశ్చర్యపోయే రకాన్ని. ఒకసారి దగ్గర్లోని ప్లేనోలో మా చర్చి స్త్రీల కూడికకు అలాగే వెళ్లాను. మధ్యాహ్నం దాటింది. పాస్టరమ్మ గారు నా ముఖం చూసి అడిగారు.

"ఏం సిస్టర్, అంత నీరసంగా ఉన్నారు?"

"పొద్దున్నుంచీ ఏం తినలేదండీ."

"ఉపవాసమా?"

"కాదండీ, మరిచిపోయాను."

పాస్టరమ్మ గారి కళ్లు చెమర్చాయి. అందరి వైపూ తిరిగి, "విన్నారా? ఉపవాసముంటే ముఖం వాడ్చుకోకుండా, తలకి నూనె రాసుకుని, మనుషులకి తెలియకుండా ఉండమన్నాడు ప్రభువు. మనం చదివి ఊరుకుంటాం. ఈ సిస్టర్ చేసి చూపిస్తున్నారు" అన్నారు.

ఆ రోజు నా తలకు నిజంగానే నూనె ఉంది. ముందురోజు రాసుకుని తలంటుకోవడం మరిచిపోయాను.

"అయ్యో లేదండీ, నిజంగా మరిచిపోయానండీ" అన్నాను.

"అదే తల్లీ, అదే" అని ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

అప్పటినుంచి నేను కాదన్న కొద్దీ నా పేరు పెరిగింది. అబద్ధమాడి పరిశుద్ధురాలినైతే పశ్చాత్తాపపడి బయటపడవచ్చు. నిజం చెప్పి పరిశుద్ధురాలినైతే ఏం చేయాలో ఏ ప్రసంగంలోనూ వినలేదు. ఆదివారం ఆరాధన తర్వాత భోజనాల దగ్గర నేను వస్తుంటే పులిహోర గిన్నె మీద మూతలు పడేవి. నా చేతిలోని ప్లేటు తీసేసుకుని, భక్తిగా ఒక గ్లాసు మంచినీళ్లు పెట్టేవాళ్లు. ఎవరో చిన్నపిల్ల నాకు సమోసా ఇవ్వబోతే వాళ్ల అమ్మ, "నో నో, ఆంటీ ఫాస్టింగ్" అని లాగేసింది. ఆ సమోసా వెళ్లిన దారినే నా చూపు చాలాసేపు వెళ్లింది.

ఫోన్లు కూడా మొదలయ్యాయి. "సిస్టర్, మీరెలాగూ ఉపవాసంలోనే ఉంటారు కదా, మా వారి హెచ్‌వన్ వీసా ఎక్స్‌టెన్షన్ కూడా కొంచెం కలుపుకోండి" అని ఒకరు. "మా వాడి ఎస్ఏటీ పరీక్ష కూడా" అని ఇంకొకరు. నేను నిజంగానే ప్రార్థించేదాన్ని, అది మాత్రం మరిచేదాన్ని కాదు. దేవుడు కనికరంగలవాడు, ఎక్స్‌టెన్షన్ వచ్చింది. దాంతో నా పరిస్థితి ఇంకా దిగజారింది.

ఆ సమయంలో మా సంఘంలోనే ఒక అమ్మాయి పెళ్లి కుదిరింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. జాకెట్టు, పొడవాటి ముసుగు నన్నే కుట్టమన్నారు. అంతవరకూ చిన్నాచితకా సవరణలే చేసిన నాకు మొదటి పూర్తి పెళ్లి పని అది. సంఘమంతా చూసే పెళ్లి. ఇది సరిగా ముగిస్తే కుట్టుపని నిలబడుతుంది, లేకపోతే నా మొక్కుబడి నా మెడకు చుట్టుకుంటుంది.

ఆ వారమంతా మిషను ముందే ఉన్నాను. ముసుగు అంచు కుడుతూ ఉంటే జాకెట్టు మెడ గుర్తొచ్చేది, మెడ దగ్గర ఉండగా ముత్యాలు గుర్తొచ్చేవి, ముత్యాల కోసం లేచి కొవ్వొత్తుల అచ్చులు సర్దేదాన్ని. శనివారం పెళ్లి. గురువారం పొద్దున పాస్టరమ్మ గారు ఫోన్ చేశారు.

"సిస్టర్, మీకు పనెక్కువగా ఉంటుందని కోడికూర, అన్నం బాక్సులో పెట్టాను. తీరా బయల్దేరబోతుంటే ప్రభువు గద్దించినట్టయింది. పెళ్లి పని కోసం మీరు తప్పకుండా ఉపవాసముండి ఉంటారు, మిమ్మల్ని శోధనలో పడేయకూడదని మా ఎదురింటి వాళ్లకి ఇచ్చేశాను."

"ఇచ్చేశారా?" అన్నాను. నా గొంతులో దుఃఖం ఆవిడకు భక్తిలా వినిపించింది.

"ధైర్యంగా ఉండండి సిస్టర్" అని పెట్టేశారు.

మధ్యాహ్నం పెళ్లికూతురు జాకెట్టు వేసుకుని చూడడానికి వచ్చింది. వెంట వాళ్ల అమ్మమ్మ గారు. ఆవిడ ఎప్పుడో 1960ల చివర్లో ఈ దేశం వచ్చి, పిల్లల డాక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. మా అందరికీ డాక్టరమ్మ గారే. కొన్నాళ్లు కూతురి దగ్గర, కొన్నాళ్లు కొడుకు దగ్గర ఉంటారు. నా ఉపవాస కీర్తి అప్పటికింకా ఆవిడ దాకా పోలేదు.

పిల్ల లోపలికి వెళ్లి జాకెట్టు వేసుకుని బయటికి వచ్చింది. ఎడమ చెయ్యి అందంగా ఉంది. కుడి చెయ్యి మాత్రం భుజం దగ్గర మెలితిరిగి వెనక్కి చూస్తోంది.

"ఆంటీ, ఈ హ్యాండ్ ముందుకి రావట్లేదు. ఇట్స్ లైక్, నేను వెనకాల ఎవరికో షేక్‌హ్యాండ్ ఇస్తున్నట్టుంది."

దగ్గరికి వెళ్లి చూశాను. రెండూ ఎడమ చేతులే కుట్టాను.

గుడ్డ మళ్లీ కత్తిరించడానికి జానెడు మిగల్లేదు. అలాంటి పట్టు డాలస్ అంతా తిరిగినా దొరకదు. "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అంటూ కుట్లు విప్పడం మొదలుపెట్టాను. విప్పుతూ ఇస్త్రీపెట్టె వేడికి పెట్టాను. అది వేడెక్కేలోగా ముసుగు తీసి దులిపాను. ఎందుకు దులిపానో ఇప్పటికీ తెలియదు. తర్వాత టేపు వెతకడం మొదలుపెట్టాను.

"అమ్మాయ్, కూర్చో" అన్నారు డాక్టరమ్మ గారు.

"టేపు కనబడట్లేదండీ."

"పొద్దున ఏం తిన్నావు?"

"ఏం తినలేదండీ."

"ఉపవాసమా?"

"కాదండీ. మరిచిపోయాను."

ఆవిడ కళ్లు చెమర్చలేదు. "నిన్న?" అన్నారు. ఆలోచించాను. "నిన్న కాఫీ..." అన్నాను. ఆవిడ వెళ్లి మా ఫ్రిజ్ తెరిచారు. కొంచెంసేపు అలాగే నిలబడి, టేపు తీసుకుని వచ్చారు. "పెరుగు పక్కన ఉంది. కత్తెర కూడా ఉంది, కావాలా?"

పెళ్లికూతురు ఏడవబోతున్నదల్లా నవ్వేసింది. నేనూ నవ్వబోయి ఏడ్చాను.

డాక్టరమ్మ గారు ఉప్మా చేశారు. నేను వద్దన్నాను, టైమ్ లేదన్నాను, శనివారమే పెళ్లి అన్నాను.

"పెళ్లి నా మనవరాలిది. నాకు లేని కంగారు నీకెందుకు?" అని ప్లేటు చేతిలో పెట్టారు. "సండేస్కూల్లో చెప్తావటగా. అడవిలో చెట్టు కింద పడి, ఇక నా వల్ల కాదు చచ్చిపోతాను అన్న ప్రవక్తకి దేవుడు ముందు ఏం పంపించాడు?"

"దూత చేత రొట్టె అండీ."

"తర్వాత?"

"నిద్రపోయాడండీ. మళ్లీ లేపి మళ్లీ రొట్టె."

"ప్రసంగం ఏమైనా చేశాడా ఆ దూత?"

"లేదండీ."

"మరి నువ్వు ప్రవక్త కంటే గట్టిదానివా? తిను. తిని పడుకో."

ఆ కథ ఎన్నో ఏళ్లుగా పిల్లలకు బొమ్మలేసి మరీ చెప్పాను. రొట్టె బొమ్మకు రంగు కూడా వేయించాను. అది నాకు కూడా చెప్పిన మాట అని మా సోఫా మీద, కడుపులో ఉప్మా వెచ్చగా ఉండగా, మొదటిసారి తెలిసింది. తెలిసిన వెంటనే నిద్రపట్టింది.

లేచేసరికి బుర్ర కడిగినట్టుంది. పక్కన మడతపెట్టి ఉన్న పెళ్లిచీరను చూస్తే సమాధానం ఎదురుగానే ఉంది. నడుముకి మొదట దోపుకునే లోపలి కొసను ఎవరూ చూడరు. అక్కడి నుంచి ఒక చెయ్యికి సరిపడా గుడ్డ తీయవచ్చు. అదే పట్టు, అదే తెలుపు. పెళ్లికూతుర్ని అడిగితే, "గో ఫర్ ఇట్ ఆంటీ, నాకు రెండు డిఫరెంట్ హ్యాండ్స్ ఉంటే చాలు" అంది.

డాక్టరమ్మ గారు కుర్చీ తెచ్చుకుని నా ఎదురుగా బైబిలు చదువుకుంటూ కూర్చున్నారు. ఒక్క మాట సాయం చేయలేదు. నేను లేవబోయినప్పుడల్లా తల ఎత్తకుండానే "ఎక్కడికి?" అనేవారు. నేను మళ్లీ కూర్చునేదాన్ని. ఇంత చిన్న మందు ఇన్నేళ్లు ఎవరూ ఎందుకు వేయలేదా అనిపించింది. ఎండ తగ్గేలోగా కుడి చెయ్యి కుడి చెయ్యే అయి కూర్చుంది. ముసుగు అంచు కూడా ముగిసింది. ఒకటి ముగిశాకే రెండోది పట్టుకున్నాను.

వెళ్తూ ఆవిడ గుమ్మం దగ్గర ఆగారు. "నీలాంటి పిల్లలు నా దగ్గరికి చాలామంది వచ్చేవాళ్లు. ఇప్పుడు పెద్దవాళ్లకి కూడా చూస్తున్నారు. ఏడీహెచ్‌డీ అంటారు. నీకు శ్రద్ధ లేదని కాదు. ఉన్న శ్రద్ధ నువ్వు చెప్పినచోట కూర్చోదు, అంతే. చూపించుకో" అన్నారు. పెళ్లయ్యాక కొన్ని వారాలకు ప్లేనోలో ఒక డాక్టరు గారు పరీక్షలు చేసి అదే మాట చెప్పారు. సోమరితనమనీ, నిలకడలేనితనమనీ నేను ప్రతి ఆదివారం ఒప్పుకుంటూ వచ్చిన దాంట్లో సగం పాపం కాదని తెలిసి, ఆ సగానికి ఏం చేయాలో తోచక పార్కింగ్ లాట్‌లో కూర్చుని స్తుతిపాట పాడుకున్నాను.

శనివారం పెళ్లిలో ఉంగరం కోసం పెళ్లికూతురు చెయ్యి చాపింది. చెయ్యి ముందుకే వచ్చింది. నేను "స్తోత్రం" అన్నది కొంచెం గట్టిగా వినిపించింది.

విందులో షరా మామూలే. నేను బిర్యానీ దగ్గరికి వెళ్లేసరికి గరిటె ఆగిపోయింది. "సిస్టర్‌కి వాటర్ ఇవ్వండి" అన్నారు ఎవరో. వెనకనుంచి డాక్టరమ్మ గారి గొంతు వినిపించింది. "ఆ అమ్మాయికి బిర్యానీ పెట్టండి. ఉపవాసం కాదు, మతిమరుపు."

అందరూ నా వైపు చూశారు. పాస్టరమ్మ గారు మెల్లగా దగ్గరికి వచ్చారు. "అయితే అన్నిసార్లూ నిజంగా మరిచిపోయారా?"

"చెప్తూనే ఉన్నాను కదండీ."

ఆవిడ నుదురు కొట్టుకున్నారు. "అయ్యో, ఆ కోడికూర!" అన్నారు. తర్వాత సందేహంగా, "ఇది ప్రార్థనతో పోదా డాక్టరమ్మ గారూ?" అని అడిగారు.

"పోవచ్చు. ప్రార్థన చేయడానికి ఆవిడ ముందు ఒకచోట కూర్చోవాలిగా. అందుకే మందు" అన్నారావిడ.

పాస్టరమ్మ గారు గరిటె తీసుకుని తానే రెండు ముక్కలు ఎక్కువ వేశారు. ఆ రోజు నేను తిన్న తిండి చూసి చాలామంది విశ్వాసం కదిలిపోయి ఉంటుంది.

మిషను ఎవరికీ ఇవ్వలేదు. కుట్టుపని నడుస్తోంది. వారానికి ఒక్క పెళ్లి పనే పట్టుకుంటాను. మధ్యాహ్నం ఫోన్‌లో అలారం మోగితే మిషను ఆపేసి తింటాను. పని ఎక్కువైతే పాస్టరమ్మ గారే వచ్చి నా ఎదురుగా కూర్చుంటారు. ఆవిడకు మౌనం అలవాటు లేదు గాని, "ఎక్కడికి సిస్టర్?" అనడం బాగా వచ్చింది.

ఇది చదువుతున్న అక్కా, చెల్లీ, నీ ఇంట్లో కూడా సగం కుట్టినది ఏదో ఉండే ఉంటుంది. దాని సంగతి తర్వాత. ముందు వెళ్లి ఏదైనా తిని రా, నేను ఆగుతాను. వచ్చాక నాతో కలిసి ప్రార్థించు: ప్రభువా, మమ్మల్ని చేసినప్పుడు నీవేమీ మరిచిపోలేదని నమ్ముతున్నాం. మా చెదిరే మనసును నీవే కూర్చోబెట్టు. సాయానికి ఎదురుగా కూర్చునే మనిషిని పంపు. అన్నీ కాకపోయినా, మా చేతిలో ఉన్న ఈ ఒక్క పనిని ఈ రోజు ముగించనివ్వు, ముగించాక విశ్రమించడానికి సిగ్గుపడనివ్వకు. ఆమేన్.