ఎవరికీ పట్టని పాలు

ఆ ఉదయం జాకెట్టు తడిగా ఉంటే చెమట అనుకున్నాను. మర్నాడు స్నానం చేస్తుండగా తెల్లటి చుక్క వచ్చింది. పాలు.

అప్పటికి నాకు నలభై మూడేళ్లు. భర్త పోయి ఆరేళ్లు. కూతురు పెళ్లయి వేరే ఊళ్లో ఉంది. కిడ్నీలు పాడయ్యాక విమానాశ్రయంలో ఊడ్చే పని మానేసి, శంషాబాద్ పక్కన పల్లెలో అన్న ఇంటికి చేరాను. వారానికి మూడుసార్లు రాజేంద్రనగర్‌లోని దవాఖానకు డయాలసిస్‌కు పోయేదాన్ని.

పాల సంగతి ఎవరికీ చెప్పలేదు. జాకెట్టు లోపల పాత బట్ట మడిచి పెట్టుకున్నాను. నా బిడ్డ పుట్టినప్పుడు ఆకలికి గుక్కపెట్టి ఏడుస్తుంటే ఒక్క చుక్క రాలేదు. డబ్బా పాలతోనే పెంచాను. ఇప్పుడు ఎవరి కోసం వస్తున్నాయో! నా ఒంటి మీద నాకే అసహ్యం వేసేది.

ఒకరోజు ఉతికే బట్టల్లో వదిన ఆ బట్ట చూసింది.

"ఇదేంది?"

"పాలొస్తున్నయి వదినా. ఎందుకో తెల్వది."

"మొగుడు లేనిదానికి పాలొస్తయా? దవాఖాన పేరు చెప్పి యాడికి పోతున్నవ్?"

నాలుగు గంటలు చేతికి సూదులతో పడుకుని, తిరిగొచ్చేటప్పుడు బస్సు మెట్టు ఎక్కలేని మనిషిని నేను.

అన్న గగన్‌పహాడ్‌లో ఫ్యాక్టరీ పని ముగించుకుని వచ్చాక వదిన అంతా చెప్పింది. అన్న నన్నేమీ అడగలేదు. "రేపు నేను గూడ వస్త" అన్నాడు, అంతే. ఏడాదిన్నరలో ఒక్కసారైనా తోడు రానివాడు!

దవాఖానలో నాకు సూదులు గుచ్చుతుండగా, పక్క మంచాల వాళ్లు వింటుండగానే నర్సుతో అన్నాడు: "మా చెల్లెకు కడుపు గిట్ల ఉన్నదేమో జర చూడండి."

కళ్లు మూసుకున్నాను. మూత్రం రాని మనిషిని కదా, రక్తం తీసి పరీక్ష చేశారు. కడుపు లేదు. అప్పుడు డాక్టరమ్మ నా మందుల సంచి తెప్పించి, ఒక్కో గోలీ చూసింది.

"వాంతులు తగ్గడానికిచ్చిన ఈ మాత్ర ఎన్నాళ్ల నుంచి వాడుతున్నారమ్మా?"

"తొమ్మిది నెలలైతుంది. ఖాళీ గోలీల షీటు చూపిస్తే మందుల షాపుల ఇస్తరు."

"అయిదు రోజులకే రాశాం కదా! కిడ్నీలు పనిచేయకపోతే పాలు తెప్పించే హార్మోను ఎలాగూ పెరుగుతుంది. ఈ మందు దాన్ని ఇంకా పెంచుతుంది."

అన్న ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మేడమ్, గీ ముచ్చట మా ఇంటామెకు ఫోన్ల మీరే చెప్తరా?"

డాక్టరమ్మే చెప్పింది. నేను చెప్పినప్పుడు అబద్ధమైన మాట ఆమె నోట నిజమైంది.

బస్సులో అన్న ఏదో ఒక మాట అంటాడని ఎదురుచూశాను. ఆరాంఘర్ దాటాక అన్నాడు: "అయిపోయింది గదా, ఇగ మనసుల పెట్టుకోకు."

ఆ గోలీ ఆపించి డాక్టరమ్మ వేరేది రాసింది. తలలో గడ్డ ఉన్నా పాలొస్తాయని స్కాన్ కూడా తీయించింది, అందులో ఏమీ లేదు. నెలన్నరకు పాలు ఆగాయి. వాంతులు మాత్రం కొత్త గోలీకి లొంగలేదు. వదిన ఆ మాట మళ్లీ ఎత్తలేదు, నా బట్టలు తన బట్టల్లో కలపనూ లేదు.

డయాలసిస్‌లో నా పక్క మంచం ఆమె కూడా ఒంటరే. ఇద్దరం కలిసి దవాఖాన దగ్గర ఒక గది కిరాయికి తీసుకున్నాం. నేను బయలుదేరిన రోజు వదిన నా సంచి గుమ్మం దాకా తెచ్చి పెట్టింది. ఉండమని అన్నావదినల్లో ఒక్కరూ అనలేదు.