పంటి నొప్పికి దాచిన మాత్రలు

ఫిబ్రవరి 16, 2025, ఆదివారం. అనకాపల్లి. ఇంట్లో ఉన్నవాళ్ళు: నేను, నా భార్య, బుచ్చయ్యపేట నుంచి వచ్చిన ఆమె తమ్ముడు, అతని భార్య.

ఆ రోజు డైరీలో ఇంతవరకే రాసి పెన్ను మూసేశాను. మిగతాది రాస్తే కాగితం చిరిగిపోయేంత కోపంగా ఉంది. ఇప్పుడు కొంత తగ్గింది. పూర్తిగా తగ్గితే రాయాలనే అనిపించదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

దసరా వెళ్ళాక నా భార్యకు పన్ను నొప్పి వచ్చింది. పళ్ళ డాక్టరు పన్ను పీకి, యాంటీబయాటిక్ క్యాప్సూళ్ళు రాశాడు. నొప్పి పోయింది గానీ విరేచనాలు పట్టుకున్నాయి. మొదట అజీర్తి అనుకున్నాం. మజ్జిగన్నం పెట్టాం, దానిమ్మ తొక్క కషాయం పట్టాం. మనిషి లేవలేని స్థితికి వచ్చాక విశాఖపట్నం తీసుకువెళ్ళాను. అక్కడ తేలిందేమిటంటే, ఆ క్యాప్సూళ్ళు పేగుల్లో ఉండాల్సిన మంచి క్రిములను చంపేశాయి, ఖాళీ అయిన చోట ఒక చెడ్డ క్రిమి చేరి పెరిగిపోయింది. మందులతో నయమై ఇంటికి వచ్చింది. నెల తిరక్కుండా మళ్ళీ తిరగబెట్టింది. ఆ రెండోసారి మంచినీళ్ళ గ్లాసు కూడా ఆమె చేతిలో నిలవలేదు, నేనే పట్టి తాగించాను.

రెండోసారి ఆసుపత్రి నుంచి పంపించేటప్పుడు అక్కడి డాక్టరు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. క్రిమి మందుకు చస్తుంది, దాని స్పోర్లు చావవు. గట్టి పెంకున్న విత్తనాల్లాంటివవి. పేగులోనూ ఉండిపోతాయి, బాత్రూంలో కుళాయి మీద, తలుపు గడియ మీద కూడా ఉండిపోతాయి. శానిటైజరు వాటినేమీ చేయలేదు. చేతులు సబ్బుతో, పారే నీళ్ళ కింద కడగాలి. బాత్రూం బ్లీచింగుతో తుడవాలి. అన్నిటికంటే ముఖ్యం, నాతో మాట్లాడకుండా యాంటీబయాటిక్ ఆవిడ నోట్లో పడకూడదు. ఈసారి తిరగబెడితే తట్టుకుంటుందని నేను మాట ఇవ్వలేను, అన్నాడు.

చెరకు తోటలో తుంగను ఎరిగినవాణ్ణి కాబట్టి నాకు వెంటనే అర్థమైంది. పైన ఎంత పీకినా కింద గడ్డ ఉంటుంది, కాస్త తడి తగిలితే లేస్తుంది. పైగా నేను పనిచేసింది చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో. మిల్లులో రసం పులిసిపోకుండా బ్లీచింగు కొట్టించడం నా ఉద్యోగంలో భాగం. ఎంత నీటికి ఎంత కలపాలో, ఎంతసేపు ఉంచి కడగాలో ఒకరు నేర్పనక్కర్లేదు. నేర్పాల్సింది మిగతా లోకానికి. ఆ ఆసుపత్రి వార్డులోనే ప్రతి మంచానికీ శానిటైజరు సీసా వేలాడుతోంది, కుళాయి దగ్గర మాత్రం సబ్బు లేదు. అడిగితే నర్సు నన్ను చాదస్తపు ముసలాయన కింద జమ కట్టింది. ఇంటి నుంచి సబ్బు తెచ్చి పెట్టాను. మర్నాటికి అదీ లేదు.

ఆ ఆదివారం బావమరిది కొత్త బెల్లం, వంకాయలు పట్టుకుని వచ్చాడు. అప్పా అని పిలిచే ఈ అక్క అంటే ప్రాణం. అందులో నాకు అనుమానం లేదు. రాగానే బాత్రూంకి వెళ్ళి బయటికొచ్చి, జేబులోంచి చిన్న సీసా తీసి చేతులకు రాసుకున్నాడు.

"సబ్బుతో కడుగు" అన్నాను.

"కరోనా నాటి మందు బావా ఇది. దీనికి కరోనాయే సచ్చిపోయింది, మా అప్ప కడుపులో పురుగెంత?"

"దీనికి అది చావదు. కుళాయి కింద పెట్టి కడుగు."

"నీ ఇంటికొత్తే టాంకు కాళీ అయిపోద్ది" అంటూనే కడిగాడు. నేను బకెట్టు, బ్రష్షు పట్టుకుని బాత్రూంలోకి వెళ్ళాను. వెనకనుంచి అతని మాట వినిపించింది. "అప్పా, బావని ఫ్యాక్టరీవోళ్ళు రిటైరు సేసి తప్పు సేసేరు. అక్కడ తోమాల్సిందంతా ఇక్కడ తోముతన్నాడు." ముగ్గురూ నవ్వారు. నవ్వుకోనీ అనుకున్నాను. ఆమె నవ్వి చాలా రోజులైంది.

కుళాయి, గడియ, మగ్గు చెవి, ఫ్లష్ బటను అన్నీ తుడిచి హాల్లోకి వచ్చాను. నా భార్య చేతిలో నీళ్ళ గ్లాసు ఉంది. పక్కన బావమరిది భార్య మాత్రల షీటును మడిచి సంచిలో పెడుతోంది.

"ఏమిటది?"

"పంటినొప్పికి అన్నయ్యా. కింద పన్నంట. మూడ్రోజుల్నించి వదినకి నిద్ర నేదంట, మీకు సెప్పనేదంట."

షీటు తీసుకుని చూశాను. దసరా తర్వాత రాసిన క్యాప్సూళ్ళే. అదే పేరు.

"ఇవి నీకెక్కడివి?"

"వదినిచ్చినయ్యే. అప్పుడు సగం మిగిలిపోనాయి కదా, మా ఆయన పంటికి పనికొత్తాయని ఇచ్చింది. బోర్నవిటా డబ్బాలో దాసేను."

"మింగేశావా?" అని నా భార్యను అడిగాను. తల ఊపింది.

అప్పుడు నేను అన్న మాటలన్నీ ఇక్కడ రాయను. ఒకటి రాస్తాను, ఎందుకంటే దానికే వాళ్ళు వెళ్ళిపోయారు. "మీ అప్పను చంపడానికి ఇంత దూరం రావాలా?" అన్నాను.

బావమరిది లేచి నిలబడ్డాడు. "బావా, మాట జాగర్త. అప్ప నొప్పికి ఏడుత్తంటే సూత్తా కూకోమంటావా? నువ్వు బాత్రూంలో ఉన్నావు. మేం మనిషి దగ్గరున్నాం."

"ఆళ్ళనేటి అంటారు, నానే ఫోన్ సేసి తెమ్మన్నాను" అంది నా భార్య. "మీకు సెప్తే మళ్ళీ ఆస్పత్రంటారు. ఎన్నిసార్లెల్లేవు, ఎలాగెల్లేవు అని రోజూ అడుగుతారు గాని, పన్నెలాగుందని ఒక్కనాడు అడిగేరా?"

ఆ ప్రశ్న న్యాయమైనదే కావచ్చు. ప్రశ్న న్యాయమైనంత మాత్రాన మింగిన క్యాప్సూలు బయటికి రాదు. నా కోపం ఇంకా పెరిగింది.

వండిన వంకాయ కూర గిన్నెలోనే ఉండిపోయింది. భోజనం చేయకుండానే వాళ్ళిద్దరూ బస్సుకు వెళ్ళిపోయారు. ఆపలేదు.

విశాఖపట్నం డాక్టరుకు ఫోన్ చేసి షీటు మీది పేరు చదివాను. ఎన్ని మింగిందో అడిగాడు, ఒకటన్నాను. తర్వాత, ఇంకొకటి వేయకండి, ఒక్కదానితో తిరగబెడుతుందనీ చెప్పలేం, తిరగబెట్టదనీ చెప్పలేం, కొన్ని వారాలు కనిపెట్టి ఉండండి, రేపు పన్ను చూపించండి, ఆ డాక్టరు మందు రాసే ముందు నాతో మాట్లాడాలి, అన్నాడు.

ఆ సాయంత్రమంతా నేను ఎవరి మీద కోప్పడాలో తేల్చుకోలేకపోయాను. బావమరిది భార్య దాచిన డబ్బాలాంటిది లేని ఇల్లు మన చుట్టుపక్కల ఏది? నొప్పి తగ్గగానే మందు మానేస్తారు, మిగిలింది దాస్తారు, పక్కింటివాళ్ళకు కరివేపాకు రెబ్బ ఇచ్చినట్టు ఇస్తారు. మందుల షాపువాడు చీటీ అడగడు, అడిగితే బేరం పోతుంది. మొదట రాసిన పళ్ళ డాక్టరు విరేచనాలైతే వెంటనే రమ్మని ఒక్క ముక్క చెప్పలేదు. వీళ్ళందరి తేలికతనం కలిసి ఒక ఆడమనిషి పేగులో కూర్చుంది. ఎవర్ని నిలదీసినా మంచికే చేశాం అంటారు.

మర్నాడు పొద్దున్న ఆమె బాత్రూంలోకి వెళితే నేను తలుపు బయట నిలబడ్డాను. సబ్బుతో చేతులు కడుగుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. బయటికి వచ్చి, "మామూలుగానే అయ్యింది. ఇంకేటీ అడక్కండి" అంది. ఎడమ బుగ్గ వాచి ఉంది.

వీధి తలుపు తీసేసరికి బావమరిది మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. తొలి బస్సుకు వచ్చాడట. నేను పలకరించలేదు. అతనే ఆటో పిలిచాడు. ముగ్గురం ఊళ్ళో ఇంకో పళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళాం. ఏ మాట ముందు చెప్పాలో, కాదంటే ఏం అనాలో దారి పొడుగునా సిద్ధం చేసుకున్నాను. గొడవకే సిద్ధమయ్యాను.

డాక్టరు పన్ను చూసి, "ముందు యాంటీబయాటిక్ వాడండి, తర్వాత పీకుదాం" అని చీటీ మీద పెన్ను పెట్టాడు.

నేను నోరు తెరిచేలోపే నా భార్య ఆ చీటీ మీద చెయ్యి పెట్టింది.

"అది రాయకండి బాబూ. దాంతోనే నా పేగులు పాడైపోనాయి. రెండుసార్లు సచ్చి బతికేను. నిన్న తెలిసి తెలిసి ఒకటి మింగేను కూడాను. మా డాక్టరుగారితో మాటాడండి. ఆయన సరేనంటేనే రాయండి."

ఆ చెయ్యి తీయకుండానే రెండో చెయ్యి నా వైపు చాపింది. నంబరు నొక్కి ఫోన్ ఇచ్చాను. డాక్టర్లిద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. వాపు పంటి చుట్టూనే ఉంది, జ్వరం లేదు, పీకేస్తే చాలు అని నిర్ణయించారు. పళ్ళ డాక్టరు పెన్ను జేబులో పెట్టుకుని, మత్తు ఇంజెక్షను తెమ్మని కేకేశాడు. బావమరిది గుమ్మం దగ్గర నిలబడి ఆమెనే చూస్తున్నాడు. నోరు తెరవమంటే ఆమె తెరిచింది.