పెద్దమ్మ అడిగిన ఒక్క సాయం

మా యూనివర్సిటీలో కెమిస్ట్రీ ప్రొఫెసరుని లెక్చరర్లమంతా పెద్దమ్మ అనే పిలుస్తాం, ఎదురుగానే. రీసెర్చ్ మొదలుపెట్టే ప్రతి లెక్చరర్‌కీ ఒక సీనియర్ తోడుండాలని డీన్ ప్రాణం తోడేసి మరీ మెంటరింగ్ పెట్టించింది ఆవిడే. విరిగిన స్టూళ్లు పడేసే గదిని కడిగించి రెండు కుర్చీలు వేయించింది. షరతు ఒక్కటే: అక్కడన్న మాట గడప దాటకూడదు. నిజం చెప్తున్నా, మాకు ఆ గది పుట్టిల్లులా ఉండేది.

ఆవిడ దగ్గరికొచ్చేవాళ్లలో మట్టి మాస్టారొకడు. పొలాల మట్టి మీద పరిశోధన కాబట్టి ఆ పేరు.

"నీ పేపరు వచ్చేలోపు నేను రిటైరైపోతానేమో నాయనా."

"మట్టి తొందరపడదు పెద్దమ్మా."

"మట్టి పడదు, డీన్ పడతాడు."

భార్య పోయాక ఆయన నవ్వడం తగ్గింది. ల్యాబ్‌కొస్తాడు, మట్టి ఆరబెడతాడు, జల్లిస్తాడు. రాయడానికి కూర్చుంటే మాత్రం ఒక్క వాక్యం రాదు. ఆ సంగతి పెద్దమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆవిడకి మనసాగలేదు. డీన్ దగ్గరికెళ్లింది.

"ఒక్క సెమిస్టర్ క్లాసులు తగ్గించండి బాబూ. పాపం, రాయలేకపోతున్నాడు. కాస్త ఊపిరి తీసుకుంటే తేరుకుంటాడు."

డీన్ అంతా విని, కాఫీ ఇప్పించి పంపాడు.

వారం తిరక్కుండా ఆర్డరొచ్చింది. మట్టి మాస్టారికి ఇక పాఠాలే, పరిశోధన లేదు. ల్యాబ్ వేరేవాళ్లకిచ్చేశారు. క్లాసులు ఇంకో రెండు పెరిగాయి.

పెద్దమ్మ లబోదిబోమంటూ పరిగెత్తింది. "నేనడిగిందేంటి, మీరు చేసిందేంటి?"

"రాయలేకపోతున్నాడని మీరే కదండీ అన్నారు," అన్నాడు డీన్ చల్లగా. "భారం దించాం."

మాస్టారు ల్యాబ్ ఖాళీ చేస్తుంటే నేను సాయం వెళ్లా. పెద్దమ్మ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"తిట్టు నాయనా. నోటికొచ్చినట్టు తిట్టు."

"మిమ్మల్నేం తిడతాను? నా మంచికే అడిగారు." ఆయన జల్లెడ దులుపుతూ తలెత్తలేదు. "మా అమ్మకి కూడా చెప్పలేదు పెద్దమ్మా. మీకే చెప్పాను."

ఆవిడ గుమ్మంలోంచే వెనక్కి తిరిగింది. ఆయన మళ్లీ ఆ మెంటరింగ్ గదికి రాలేదు.

మేం ఇప్పటికీ వెళ్తాం. ఏ జర్నల్‌కి పంపాలి, గ్రాంటుకి ఎలా రాయాలి, అన్నీ అడుగుతాం. ఆవిడా ఓపిగ్గా చెప్తుంది. చేతకావట్లేదని మాత్రం ఎవరం అనం. ఆవిడా ఎలా ఉన్నావని అడగదు.