ఎన్నికలయ్యాకే పెళ్లి

రారిటన్ నది రేవులో బల్లకట్టు నడిపే యాకొమైనాను ఊళ్లో అందరూ మైనా అనే పిలిచేవారు. మొగుడు పోయాక, బల్లకట్టు అమ్మేస్తుందేమోనని బేరానికి వచ్చినవాళ్లను చక్కగా ఆవలి ఒడ్డుకు దింపి, రేవు కూలి పుచ్చుకుని మరీ సాగనంపిన మనిషి. నలభై దాటాయి. మోకు లాగీ లాగీ అరచేతులు కాయలు కాచాయి. ఈ ఒడ్డున ఆమె నవ్విందంటే ఆ ఒడ్డున మేసే ఆవులు తలెత్తి చూసేవి.

అమెరికా స్వతంత్రమైన కొత్తలో, న్యూజెర్సీలో కాస్తో కూస్తో ఆస్తి ఉన్న ఒంటరి ఆడదానికి ఓటుండేది. పెళ్లయినదానికి లేదు, ఆమె ఆస్తంతా మొగుడిదే కదా! అలా మైనాకు ఓటు వైధవ్యంతో పాటు వచ్చింది. మొదటిసారి బెరుగ్గా వెళ్లింది. తర్వాత ఏటా అక్టోబరులో ఎన్నికలొస్తే చాలు, ఆమెకు పండగే. నీలం గౌను తీసేది, అల్లం రొట్టెలు కాల్చేది. సత్రంలో పెట్టిన పెట్టెలో చీటీ వేస్తుంటే, మోకు లాగగానే బరువైన బల్లకట్టు కదిలినట్టు, ఏదో పెద్దది తన చేతికింద మెల్లగా కదిలినట్టుండేది.

అందుకే కమ్మరి తూనిస్ తనను పెళ్లి చేసుకోమని అడిగినప్పుడు ఆమె గంతులేయలేదు. తూనిస్ భార్య పోయినవాడు, నెమ్మదస్తుడు. అతనంటే ఇష్టమే. కానీ అతనిది ఫెడరలిస్టు పక్షం, ఆమెది రిపబ్లికన్ పక్షం.

"చర్చిలో మన పెళ్లి ప్రకటన చేయించు. పెళ్లి మాత్రం ఎన్నికలయ్యాకే" అంది.

"ఎన్నికలకీ పెళ్లికీ ఏంటే పీటముడి?"

"ఉంగరం తొడిగావంటే నా ఓటు పోతుంది. ఈసారికి వేసి గానీ నీ గుమ్మం తొక్కను."

"మా కోర్సెన్ దొరని ఓడించడానికేగా?"

"మరి గెలిపించడానికనుకున్నావా?"

శాసనసభకు నిలబడ్డ కోర్సెన్ దొర చెవిన ఈ మాట పడనే పడింది. గుర్రానికి నాడా వేయించుకునే నెపంతో కొలిమి దగ్గరికి వచ్చాడు.

"పెళ్లి ముందే కానిచ్చెయ్యవోయ్ తూనిస్. మనకో ఓటు గండం తప్పుతుంది. విందుకి పంది నేనిస్తా."

ఆ సాయంత్రమే తూనిస్ రేవుకు వచ్చి ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పేశాడు. మైనా పగలబడి నవ్వింది. ఉన్నట్టుండి ఆగి, "నువ్వేమన్నావ్?" అంది.

"నాడా కొట్టడం అయిపోయింది, ఇక దయచెయ్యండి అన్నా."

మైనా అతని మసి చేతిని తన కాయలు కాచిన చేతిలోకి తీసుకుంది. లోలోపల పీకుతున్న అనుమానం ఏదో అప్పుడు తీరిపోయింది.

ఎన్నికల రోజున వాన. నది ఉబ్బింది. ఓటర్లు తడుస్తూ, పాడుకుంటూ, రెండు పక్షాలవాళ్లూ ఒకే బల్లకట్టు మీద తిట్టుకుంటూ దాటుతున్నారు. పొద్దు వాలుతున్నా జనం తరగరు. రేవు వదిలి వెళ్లే దారి మైనాకు కనిపించలేదు. అంతలో తూనిస్ చొక్కా చేతులు మడుస్తూ వచ్చాడు.

"నువ్వెళ్లి ఓటేసి రా. మోకు నేను లాగుతా."

"నీకేం చేతనవుతుంది?"

"ఇనుము వంచేవాణ్ణి, నీళ్లకి జడుస్తానా? వెళ్లవే!"

తడిసిన నీలం గౌను ఎత్తిపట్టుకుని మైనా పరుగున సత్రం చేరింది. పెట్టె దగ్గర కూర్చున్న హార్మెన్ చీటీ అందుకోబోతుంటే కోర్సెన్ దొర అడ్డొచ్చాడు.

"ఆగవయ్యా. ఈమె పెళ్లి చర్చిలో ప్రకటించేశారు. సగం పెళ్లయినట్టే!"

"అయితే సగం ఓటు వెయ్యనా దొరా?" అంది మైనా. సత్రమంతా గొల్లుమంది. "మీ పేరూ ప్రకటించారు కదా. అంతమాత్రాన శాసనసభలో కూర్చున్నట్టేనా?"

ఆయన పక్షంవాళ్లు కూడా బల్లలు చరిచి నవ్వారు. చివరికి దొర తనూ నవ్వేశాడు. హార్మెన్ కళ్లు తుడుచుకుంటూ పెట్టె ముందుకు జరిపాడు. చీటీ పడింది.

తిరిగొచ్చేసరికి బల్లకట్టు నది మధ్యలో ఇసుక దిబ్బకు తగులుకుని ఉంది. దాని మీద తూనిస్, రెండు పక్షాల ఓటర్లూ, ఒక మేకా. అందరికన్నా మేకే ఎక్కువగా అరుస్తోంది. ఒడ్డున ఉన్నవాళ్లను పోగేసి, మైనా మోకు పట్టి లాగించింది.

"నీళ్లకి జడవనన్నావ్?"

"జడవలేదే! ఇసకని ఎవడు లెక్కలోకి తీసుకున్నాడు?"

ఎన్నికల్లో కోర్సెన్ దొరే గెలిచాడు. మైనా రెండు రోజులు మూతి ముడుచుకుంది. అయినా పెళ్లికి దొర అన్న మాట ప్రకారం పందిని పంపాడు, తనూ వచ్చి చెమటలు కక్కేదాకా గంతులేశాడు. పెళ్లికూతురు ఆయనతో ఆడుతూ ఆడుతూనే రేవు బాట బాగుచేయిస్తానని మాట పుచ్చుకుంది.

మరుసటి అక్టోబరులో ఓటు వేయడానికి తూనిస్ ఒక్కడే వెళ్లాడు. మైనాకు గుండెలో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది. మోకు పట్టుకుని, బల్లకట్టు నిండా ఎక్కిన ఓటర్లను ఓసారి పరికించి చూసింది. ఒడ్డు విడిచి నది నడిమికి వచ్చాక లాగడం నెమ్మది చేసి, ఎవరికి వెయ్యాలో, ఎందుకు వెయ్యాలో గొంతెత్తి చెప్పడం మొదలుపెట్టింది. నీళ్ల మధ్య నుంచి పారిపోయే దారి ఎవరికీ లేకపోయింది.