ఏడేళ్ళ ఇల్లు

గుంటూరులో మా ఇల్లు మాదే, కింద నేల మాత్రం సత్రానిది. మా తాతయ్య ఆ ఖాళీ స్థలాన్ని ముప్ఫై ఏళ్ళ లీజుకు తీసుకుని, మూడు గదుల డాబా వేసి, ముప్ఫై ఏళ్ళంటే ఎప్పటి మాటలే అనుకుని హాయిగా కన్నుమూశాడు. ఆ ఎప్పటి మాట మా నాన్న నెత్తిన పడింది. ఎనభైల మొదట్లో, నేను ఇంటర్ చదువుతున్నప్పుడు, లీజు ఇంకా ఏడేళ్ళే మిగిలింది. గడువు తీరాక గోడలతో సహా సత్రానికి అప్పగించి, చేతులు దులుపుకుని బయటికి రావాలి.

నాన్న హైస్కూల్లో మేష్టారు. రిటైరయ్యేలోపు సొంత నేల మీద రెండు గదులైనా వేసుకోకపోతే ఇక జన్మంతా అద్దె కొంపలే అని ఆయన బెంగ. ఊరి చివర స్థలం కొనడానికే ఉన్నదంతా ఊడ్చిపెట్టాడు. అక్కడ ఇల్లు లేవాలంటే ఈ ఇల్లు అమ్మాలి. సత్రం నేల మీది ఇంటికి ఏ బ్యాంకూ అప్పివ్వదు కాబట్టి కొనేవాళ్ళు మొత్తం నగదు తెచ్చి చేతిలో పెట్టాలి. ఏడేళ్ళలో చేజారే ఇంటికి అంత డబ్బు పోసే అమాయకులు ఎక్కడ దొరుకుతారు?

దొరికినా నాన్న నిలవనిచ్చేవాడు కాదు. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు చెప్పులు విప్పేలోపే "ఏడేళ్ళేనండీ ఉంది" అని లీజు కాగితం చేతిలో పెట్టేవాడు. వాళ్ళు విప్పబోయిన చెప్పులతోనే వెనక్కి తిరిగేవాళ్ళు. అమ్మ కలిపిన కాఫీలు మేమే తాగేవాళ్ళం. నాకు కాఫీ అలవాటైంది ఆ వేసవిలోనే.

"కాఫీ తాగాక చెప్తే మీ సొమ్మేం పోయిందండీ?" అని అమ్మ విరుచుకుపడేది.

"కాఫీ తాగి, మొహమాటపడి కొంటే ఆ ఉసురు మనకి తగలదుటే?" అనేవాడు నాన్న.

నిజానికి అమ్మకి ఆ ఇల్లు వదలడం బొత్తిగా ఇష్టం లేదు. కొత్త కోడలిగా అడుగుపెట్టింది అక్కడే, నన్ను కన్నదీ ఆ చివరి గదిలోనే. ఎండాకాలం రాత్రులు డాబా మీద నీళ్ళు చల్లి పక్కలు వేసుకుంటే, మిర్చి బస్తాల బండ్లు వీధిలోంచి వెళ్తుంటే, ఆ ఘాటుకి అందరం వరసగా తుమ్మేవాళ్ళం. ఆ తుమ్ములు తలుచుకుంటే నాకిప్పటికీ ఆ డాబా మీదికి పోవాలనిపిస్తుంది. కానీ ఇల్లు అమ్మకపోతే రేపు వీధిన పడేది మేమేనని అమ్మకి తెలుసు. ఉండాలనీ ఉంది, పోక తప్పదనీ ఉంది. ఆ ఉక్రోషమంతా నాన్న మీద తీర్చుకునేది.

ఒక మే నెల మధ్యాహ్నం సింగరాయకొండ దగ్గరి పల్లె నుంచి ఒక రైతూ ఆయన భార్యా వచ్చారు. పొగాకు అమ్మిన డబ్బు చేతిలో ఉందట. నాన్న అలవాటు ప్రకారం కాగితం చాచాడు.

ఆయన గట్టిగా నవ్వాడు. "మాకూ అంతే కావాలండి మేష్టారూ! మా పిల్ల తొమ్మిదిలో చేరతది. డిగ్రీ అయ్యేతలికి సరిగ్గా ఏడేళ్ళు. దాన్ని పెట్టుకుని మా ఆడోళ్ళు ఈడ ఉంటారు, నేను పొలం చూసుకుంటా. ఆ తర్వాత ఈ ఊళ్ళో మాకేం పనండీ?"

ఇన్నాళ్ళూ వచ్చినవాళ్ళందరినీ తరిమేసిన ఏడేళ్ళు వీళ్ళకి కొలిచి కుట్టించినట్టు సరిపోయాయి.

ఆవిడ మాత్రం తిన్నగా వంటింట్లోకి వచ్చింది. కొంగు ముడి విప్పితే గుప్పెడు కందిపప్పు.

"మీ బావినీళ్ళతో ఒకసారి ఉడకేసి చూస్తానక్కా. మా ఊళ్ళో అన్నీ ఉప్పునీళ్ళే. ఎంతసేపు మంట పెట్టినా పప్పు బద్దలు బద్దలుగానే ఉంటది."

ఎండాకాలంలో అడుగంటితే మా బావినీళ్ళూ ఉప్పుతేలేవి. ఆ రెండు నెలలూ అమ్మ పప్పు వండేది మునిసిపాలిటీ పంపునీళ్ళతోనే. గట్టు మీద రెండు బిందెలూ పక్కపక్కనే ఉన్నాయి. ఏది ఏదో ఆవిడకి తెలియదు. ఒక బిందెలో ముంచితే ఇల్లు అమ్ముడుపోతుంది, రెండో దాంట్లో ముంచితే మాకే ఉండిపోతుంది. నాన్న గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అమ్మ చెంబు పట్టుకుని ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ కింద పెట్టేసింది.

"చూడమ్మా, ఇవి పంపునీళ్ళు, ఇవి బావినీళ్ళు. వానలు పడ్డాక మా బావినీళ్ళలో పప్పు వెన్నలా ఉడుకుతుంది. ఈ రెండు నెలలు మాత్రం చచ్చినా ఉడకదు. పొద్దున్నే లేచి పంపునీళ్ళు పట్టుకోవాల్సిందే. తర్వాత నన్ను తిట్టుకోకు."

"కాఫీ తాగాక చెప్పకూడదుటే?" అన్నాడు నాన్న మెల్లిగా. అమ్మ కళ్ళెర్రజేసింది.

ఆవిడ మాత్రం మొహమంతా నవ్వింది. "పది నెలలు ఉడికిద్దా! ఇంకేం కావాలక్కా?" అని తెచ్చిన పప్పు మా డబ్బాలోనే పోసేసింది.

సత్రంవాళ్ళ పుస్తకాల్లో పేరు మారింది. ఆ రైతు తువ్వాలులో మూటగట్టి డబ్బు తెచ్చాడు. మేము ఊరి చివర రెండు గదులు వేసుకుని వెళ్ళిపోయాం. అమ్మ మళ్ళీ ఆ వీధి మొహం చూడలేదు. రిక్షావాడు అటుగా పోతానంటే చుట్టూ తిప్పించేది.

గడువు తీరే ఏడు నేను చంటిపిల్లతో పుట్టింట్లో ఉన్నాను. ఒక సాయంత్రం ఆ ఇల్లు కొన్నావిడ ఆటో దిగింది. "పిల్ల డిగ్రీ అయిపోయింది. రేపు సత్రంవాళ్ళకి తాళాలు ఇచ్చేస్తన్నాం. ఒకసారి చూసుకుంటావా అక్కా?" అంది. అమ్మ రానంది, తెల్లారాక తనే బయల్దేరింది.

సామానంతా లారీకెక్కింది. ఖాళీ గదుల్లో అమ్మ ఎక్కడ కూలబడుతుందోనని నేను వెనకాలే తిరిగాను. అమ్మ మాత్రం గోడలు తడుముతూ, సున్నం బాగా వేయించావమ్మా అని మెచ్చుకుంటూ తీరిగ్గా చూసింది. బయటికి వచ్చేసరికి ఆవిడ అరుగు మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"ఏడేళ్ళు చాలనుకున్నాం గదక్కా," అంది.

అమ్మ పక్కన కూర్చుని ఆవిడ వీపు మీద చెయ్యి వేసింది. "నాకు ఇరవై ఏళ్ళున్నా చాల్లేదే పిచ్చిదానా," అంది. ఇల్లు అమ్మిన రోజు కూడా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

తాళాల కోసం వచ్చిన సత్రం మనిషి గేటు దగ్గర నిలబడ్డాడు. వాళ్ళిద్దరూ ఎంతకీ లేవలేదు.