లీలమ్మ ఇంటి ఎర్ర వైరు

కల్వకుర్తిలో మా వాడకట్టున సగం ఇళ్లకు కరెంటు పని చేసింది ఆజమే. మనిషి కోపిష్టి. పని చేస్తుంటే పక్కన నిలబడి సలహాలిచ్చేవాళ్లంటే ఆయనకు ఒళ్లుమంట. మీరే ఎక్కండి అని నిచ్చెన దిగి పోయేవాడు. అయినా అందరం ఆయన్నే పిలిచేవాళ్లం, ఆయన బిగించిన బోర్డు పదేళ్లయినా కదలదు కాబట్టి. ఈ మధ్య ఆజం ఎవరూ పిలవకుండానే, తాను వైరింగు చేసిన పాత ఇళ్లన్నీ తిరుగుతున్నాడు. స్విచ్చి ఆపి, లైటు తీగకు టెస్టరు పెట్టి చూస్తున్నాడు. పైసా తీసుకోడు. ముసలితనంలో చాదస్తం పట్టిందని కొత్తవాళ్లు నవ్వుతారు. నాకు నవ్వు రాదు.

మా ఎదురింటి సోమన్న ఇల్లు కట్టుకున్నది తెలంగాణ వచ్చిన ఏడాది. కార్తీకంలో గృహప్రవేశం పెట్టుకున్నాడు. ముందురోజు సాయంత్రానికి కూడా ముందు గదిలో లైటు లేదు. నల్ల వైరు అయిపోయింది, దుకాణాలు బంద్. చేసేది లేక ఆజం రెండు తీగలూ ఎర్రవే లాగాడు. కరెంటు తెచ్చే ఫేజు ఏదో, తిరిగి పోయే న్యూట్రలు ఏదో గుర్తుండాలని న్యూట్రలుకు రెండు కొసలా నల్ల టేపు చుట్టబోయాడు. ఒక కొసకు చుట్టాడో లేదో కరెంటు పోయింది. ఆ రోజుల్లో కోతలు అట్లాగే ఉండేవి. మిగతా పని టార్చి వెలుతురులో ముగించాడు. తెల్లారి కరెంటొచ్చింది, స్విచ్చి వేస్తే లైటు వెలిగింది. వెలిగిందంటే వైరింగు సరిగ్గా ఉన్నట్టేనని మా అందరి లెక్క. ఆజం కూడా టెస్టరు తీయలేదు. సోమన్న భార్య లీలమ్మ మేస్త్రీతో పాటు ఆయనకూ కొత్త బట్టలు పెట్టింది.

ఎనిమిదేళ్ల తర్వాత ఒక ఆదివారం సోమన్న ఆ పాత లైటు తీసి ఎల్‌ఇడి లైటు బిగించబోయాడు. వట్టి కాళ్లతో ఇనుప స్టూలెక్కి, స్విచ్చి బంద్ చేయమని లీలమ్మతో చెప్పాడు. లైటు ఆరింది. ఆయన తీగ పట్టుకున్నాడు. షాకు కొట్టి వెనక్కి పడ్డాడు, తల గడపకు తగిలింది. కేక విని పరుగెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. ఎవరో మెయిన్ ఆపారు, ఇంకెవరో కంగారులో గోడమీది స్విచ్చులన్నీ నొక్కేశారు. దవాఖానకు చేరేసరికే ప్రాణం పోయింది.

సోమన్న అన్న లచ్చయ్య మర్నాడు ఒకే ఒక్కసారి అడిగాడు, స్విచ్చి బంద్ చేశావా అని. చేశానంది లీలమ్మ. ఆయన మళ్లీ అడగలేదు, అట్లాగని నమ్మనూ లేదు. బంద్ చేస్తే షాకెట్లా కొడుతుందని వాడకట్టంతా గుసగుసలాడింది. సిగ్గు విడిచి చెప్తున్నాను, నేనూ అదే అనుకున్నాను. ఆమె కంట చుక్క నీరు రాకపోవడాన్ని కూడా మావాళ్లు తప్పుపట్టారు. అయిదో రోజుకు ఆమెకే అనుమానం మొదలైంది. స్విచ్చి పైకి నొక్కానో కిందికి నొక్కానో గుర్తు రావడం లేదని నా భార్యతో చెప్పి, తన చేతివేళ్ల వైపే చూస్తూ కూర్చుందట.

పదకొండో రోజు దినాలు. చుట్టాలొస్తారు, ముందు గది చీకటిగా ఉంది. ముందురోజు పొద్దున లచ్చయ్య ఆజంను పిలిపించాడు, నేనూ అక్కడే ఉన్నాను. ఆజం స్విచ్చి బంద్ చేసి, చెక్క నిచ్చెన ఎక్కి, తీగకు టెస్టరు ఆనించాడు. టెస్టరు వెలిగింది, అంటే తీగలో కరెంటుంది. దిగి స్విచ్చి చూశాడు, బంద్‌లోనే ఉంది. మళ్లీ ఎక్కి చూశాడు, మళ్లీ వెలిగింది. స్విచ్చిబోర్డు విప్పాడు. న్యూట్రలు గుర్తుకని తాను చుట్టిన నల్ల టేపు ఆ స్విచ్చికి బిగించిన తీగకే ఉంది. ఆయన అక్కడే నేలమీద కూర్చుండిపోయాడు. తల తిరిగిందేమోనని నేను దగ్గరికి పోయాను.

రెండు తీగలు అటుదిటు మార్చి బోర్డు మూసేస్తే అయిదు నిమిషాల పని. ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. ఆయన బతికేదే చేతిపని మీద నమ్మకంతో. ఆయన స్థానంలో నేనుంటే బోర్డు మూసేసేవాణ్ణే.

ఆజం లేచి లీలమ్మను పిలవమన్నాడు. లచ్చయ్య, ఇంట్లో ఉన్న నలుగురు పెద్దలు వచ్చి నిలబడ్డారు.

"చెల్లె, నువ్వు బంద్ చేసినవ్," అన్నాడు. "బంద్ చేసినా గీ తీగల కరెంటు ఉంటనే ఉంటది. స్విచ్చి ఫేజుకు పెట్టాలె. నేను న్యూట్రలుకు పెట్టిన. లైటు ఆరుతది గని కరెంటు ఆగది. తప్పు నాది."

అందరి ముందూ టెస్టరు పెట్టి చూపించాడు. లచ్చయ్య ఆయన కాలరు పట్టుకున్నాడు. ఆజం చేతులు కదపలేదు.

"ఇడువు బావా," అంది లీలమ్మ. తర్వాత ఆజం వైపు తిరిగింది. "ఇంకోపారి చెప్పు."

"నువ్వు బంద్ చేసినవ్ చెల్లె."

"నేను బంద్ చేసిన్నా?"

"చేసినవ్."

లీలమ్మ గోడకు ఆనుకొని మెల్లగా కిందికి జారి కూర్చుంది. మొగుడు పోయినందుకు ఆమె ఏడవడం మేం చూసింది అప్పుడే.